బ్యాటరీ అయిపోతే వైర్లు కూడా మార్చాలా? – సమాధానం

నాన్నగారికి స్లీప్ అప్నియా (నిద్రలో ఊపిరి ఆగే జబ్బు) కోసం నాలుక నరానికి కరెంటు ఇచ్చే స్టిమ్యులేటర్ ఉందని, దాని బ్యాటరీ చివరికొచ్చిందని, మెడలోని వైరు కూడా తీసి మళ్లీ వేస్తారేమోనని అడిగారు. వైరు బాగుంటే దాన్ని కదపరండి. బ్యాటరీ జనరేటర్ (కరెంటు పంపే పెట్టె) లోపలే సీలై ఉంటుంది కాబట్టి ఛాతీలోని ఆ పెట్టె మొత్తాన్ని మారుస్తారు. సాధారణంగా పాత కోత దగ్గరే తెరిచి, స్క్రూ వదులు చేసి లీడ్ (ఆ వైరు) ఊడదీసి కొత్త పెట్టెకు బిగిస్తారు. మొదటి ఆపరేషన్ కంటే ఇది చిన్నది.

అసలు జాగ్రత్త ముందే పడాలి. పాత పెట్టె పూర్తిగా ఆగిపోకముందే ఓల్టేజీ, పల్స్ వెడల్పు, ఫ్రీక్వెన్సీ, ఎలక్ట్రోడ్ అమరిక, స్టార్ట్ డిలే (ఆన్ చేశాక కరెంటు మొదలయ్యేదాకా ఆగే సమయం) వంటి సెట్టింగుల ప్రింటు తీయించండి. అవి లేకపోతే సెట్టింగులు మళ్లీ మొదటి నుంచి వెతుక్కోవాలి. ఇంపీడెన్స్ (కరెంటుకు ఎదురయ్యే అడ్డంకి) కూడా చూపించండి: బాగా ఎక్కువుంటే వైరు తెగడమో స్క్రూ వదులవడమో, బాగా తక్కువుంటే పైపూత దెబ్బతినడమో కావచ్చు. లీడ్ పాడైందని తేలితేనే మెడ దగ్గర పని పడుతుంది, అది మాత్రం పెద్ద ఆపరేషనే.

కుట్లు వేయకముందే కరెంటు ఇచ్చి నాలుక ముందుకొస్తుందో లేదో చూస్తారా అని సర్జన్‌ని తప్పక అడగండి. లీడ్ చివరనున్న పిన్ను పెట్టెలోకి పూర్తిగా దిగకపోతే అప్పుడే బయటపడుతుంది.

ఈ స్టిమ్యులేటర్లలో కొత్త మోడల్ ఇన్‌స్పైర్ 5లో శ్వాసను గమనించే సెన్సర్ పెట్టెలోనే ఉంటుంది, విడి వైరు అక్కర్లేదు. పాత సెన్సర్ వైరును లోపలే వదిలేస్తే ఎమ్మారై అనుమతి మారొచ్చు, ఆ వివరం ముందే రాతపూర్వకంగా తీసుకోండి.

రక్తం పలచబడే మందులు వాడుతుంటే ఇప్పుడే చెప్పండి, సొంతంగా ఆపొద్దు. తర్వాత కోత ఎర్రబడినా, చీము కారినా, జ్వరం వచ్చినా ఆ రోజే చూపించాలి. ఇన్ఫెక్షన్ ముదిరితే పెట్టె, వైరు రెండూ తీసేయాల్సి రావచ్చు.