నేరం నేర్చుకుంటున్నారా?

సందేహం: నేను క్రిమినాలజీ చదువుతున్నాను. పోలీసు శాఖలోనో జైళ్ల శాఖలోనో ఉద్యోగం చెయ్యాలని కోరిక. నా చదువును తెలుగులో ‘నేరశాస్త్రం’ అనాలా, ‘నేర పరిశోధన శాస్త్రం’ అనాలా? మొదటిది అంటే, “నేరాలు చెయ్యడం నేర్చుకుంటున్నావా?” అని ఇంట్లోవాళ్లే ఆటపట్టిస్తున్నారు. – ఒక పాఠకురాలు

సమాధానం: దొంగెవరో తేల్చేది నేర పరిశోధన. దొంగతనాలు ఎందుకు జరుగుతున్నాయి, శిక్ష పడ్డవాడు మళ్లీ అదే పని ఎందుకు చేస్తున్నాడు అని ఆరా తీసేది మీ చదువు. గారొఫాలో అనే ఇటలీ న్యాయకోవిదుడు 1885లో తన పుస్తకానికి క్రిమినాలజీ అనే పేరే పెట్టాడు. పరిశోధన వేరు, మీ చదువు వేరు కాబట్టి రెండో మాట కుదరదు.

ఇక మీవాళ్ల వేళాకోళంలో వాళ్లకు తెలియని విశేషం ఒకటుంది. ‘నేర్చు’కు వ్యతిరేకంగా ‘చెప్పనేరడు, చేయనేరను’ అంటాం కదా. ‘నేరమి’ అంటే తెలియకపోవడం, చేతకాకపోవడం. నేరమూ ఆ కుదురులోదేనని నా పట్టు. సుమతీ శతకంలో “అపకారికి నుపకారము నెపమెన్నక సేయువాడు నేర్పరి సుమతీ” అని ఉంది. కీడుకు కీడు ఎవడైనా చేస్తాడు, తప్పెంచకుండా మేలు చెయ్యడానికే నేర్పు కావాలి. అలాంటివాణ్ని పుణ్యాత్ముడనలేదు, నేర్పరి అన్నాడు! ‘నె’కు యతి కుదరాలని ‘నే’ వేశాడనే గడుసువాళ్లు ఉంటారు. వేస్తే వేశాడు, అంతకంటే అమరే మాట వాళ్లను చెప్పమనండి. ఖైదీలను దిద్దడం గురించి పాఠం వచ్చినప్పుడు ఈ పద్యం ఒకసారి చదువుకోండి.

‘నేరశాస్త్రం’ తెలుగు మాటకు సంస్కృతం అతికిన సమాసం, పండితులు ముఖం చిట్లిస్తారు. ‘అపరాధశాస్త్రం’ శుద్ధమే గానీ, వినగానే డిటెక్టివ్ నవలలు గుర్తొస్తాయి. ‘నేరస్థుడు’ కూడా అతుకు మాటే. అయినా నా కోపం అతుకు మీద కాదు, వాడే తీరు మీద. అరెస్టయిన ప్రతివాణ్నీ వార్తల్లో నేరస్థుడనేస్తున్నారు. కోర్టు తేల్చేదాకా అతను నిందితుడే. రేపు ఉద్యోగంలో చేరి రిపోర్టులు రాసే మీరైనా ఈ తేడా పాటించండి. ‘ముద్దాయి’ కథ మరీ వింత. ఉర్దూలో ముద్దయీ అంటే దావా వేసినవాడు, మన దగ్గరికొచ్చేసరికి పాపం బోనెక్కాడు.

రాతలో ‘నేరశాస్త్రం’ అనండి. మాటల్లో ‘క్రిమినాలజీ’ అన్నా నేను తప్పుపట్టను. ఇంతకంటే మంచి మాట ఎవరికైనా తడితే మాత్రం నా తీర్పు మార్చుకుంటాను.