మే నెలలో గ్రాఫీన్ ఆక్సైడ్ చేస్తానన్న అమ్మాయికి

కావలి

చిరంజీవి అమ్మాయికి పెద్దమ్మ ఆశీస్సులు.

రొయ్యపెంకుల నుంచి తీసే కైటోసాన్ అనే పదార్థంలో గ్రాఫీన్ ఆక్సైడ్, అంటే గ్రాఫైటుని ఆక్సీకరించి విడదీసిన పలుచటి రేకులు, కలిపి పొర తయారుచేస్తావట, ఆ గ్రాఫీన్ ఆక్సైడ్ కూడా కొనకుండా నువ్వే చేసుకుంటావట. మీ అమ్మ చెప్పింది. నెల్లూరులో ఉండి ఈ పని ఎంచుకున్నందుకు ఎంత మురిసిపోయానో! మే నెలలో అనేసరికి మాత్రం గుండె గుభేలుమంది.

గ్రాఫైటు నుంచి గ్రాఫీన్ ఆక్సైడ్ చేసే హమ్మర్స్ పద్ధతి 1958 నాటిది. 1 గ్రాము గ్రాఫైటుకి 23 మిల్లీలీటర్ల గాఢ సల్ఫ్యూరిక్ ఆమ్లం, 3 గ్రాముల పొటాషియం పర్మాంగనేట్. అసలు పాఠంలో అరగ్రాము సోడియం నైట్రేట్ కూడా ఉంటుంది, దాన్ని వదిలెయ్యి. అది లేకున్నా పని జరుగుతుంది, గోధుమరంగు విషవాయువు పీడా వదులుతుంది. గాగుల్స్, గ్లవ్స్, ఫ్యూమ్ హుడ్ సంగతి నీకు చెప్పక్కర్లేదు. చున్నీ మాత్రం బయట పెట్టి వెళ్ళు.

పర్మాంగనేట్ ఆ ఆమ్లంలో పడగానే ద్రవం ముదురాకుపచ్చకి తిరుగుతుంది. అప్పుడు పుట్టేది మాంగనీస్ హెప్టాక్సైడ్. 55 డిగ్రీలు దాటితే పేలుతుంది. అసిటోన్ తగిలినా, టిష్యూ కాగితం తగిలినా అంటుకుంటుంది. 20 డిగ్రీల లోపు కలిపి, తర్వాత 35 దగ్గర అరగంట ఉంచమంటుంది పాఠం. చలిదేశంలో 35 అంటే కాస్త వెచ్చబెట్టడం. రోహిణీ కార్తెలో మన గదే 40కి పోతుంది, కాబట్టి ఇక్కడ 35 అంటే చల్లబరచడం! ఆ అరగంటా నీళ్ళతొట్టిలో ఐసుముక్కలు వేస్తూనే ఉండాలి. తెల్లవారుజామునే మొదలుపెట్టు.

పిల్లలు మళ్ళీ మళ్ళీ చేసే తప్పొకటుంది. థర్మామీటర్ ఐసుతొట్టిలో పెట్టి, 5 చూపిస్తోంది గదా అని ధీమాగా ఉంటారు. బయట 5 ఉన్నా లోపల ఎంతుందో ఎవరికి తెలుసు? థర్మామీటర్ మొన ద్రవంలోనే మునగాలి. పర్మాంగనేట్ చిటికెడు వెయ్యి, లోపలి వేడి పెరిగి మళ్ళీ దిగేదాకా ఆగు, అప్పుడే ఇంకో చిటికెడు. 3 గ్రాములకీ అరగంట పైనే పట్టాలి. తొందరపడ్డావో, నా మీద ఒట్టే! కాసేపటికి ముద్ద చిక్కబడి, దాన్ని కలిపే స్టిర్రర్ మొరాయిస్తుంది. కరెంటు పోయినా అంతే. తిరగని చోట పర్మాంగనేట్ పోగుపడి, స్టిర్రర్ కదలగానే ఒక్కసారిగా కలిసి వేడి ఎగదన్నుతుంది. కాబట్టి స్టిర్రర్ ఆగితే వెయ్యడం ఆపు, ఐసులోనే ఉంచి గాజుకడ్డీతో మెల్లగా కలుపు. ఆ ఐసు ముందురోజే బోలెడు తెచ్చిపెట్టుకో.

తర్వాత 46 మిల్లీలీటర్ల నీళ్ళు చుక్కచుక్కగా. గబుక్కున పోస్తే ఆమ్లం మొహాన చిమ్ముతుంది తల్లీ. హైడ్రోజన్ పెరాక్సైడ్ పడ్డాక పసుపు రంగు రావాలి. ముందు పలుచటి హైడ్రోక్లోరిక్ ఆమ్లంతో, తర్వాత నీళ్ళతో, గిర్రున తిప్పి మడ్డిని అడుక్కి దింపే సెంట్రిఫ్యూజ్‌లో కడుగు. పైతేట నీళ్ళలో బేరియం క్లోరైడ్ వేస్తే తెల్లగా విరక్కూడదు, విరిగితే సల్ఫేటు ఇంకా పోలేదన్నమాట. ఓవెన్లో ఆరబెట్టకు, పొటాషియం లవణాలు మిగిలుంటే భగ్గుమంటుంది. నీకెలాగూ నీళ్ళలోనే కావాలి. గాఢత తెలియాలంటే 10 మిల్లీలీటర్లు పెట్రీడిష్‌లో పోసి గదిలోనే ఆరనిచ్చి తూచు.

కైటోసాన్‌ని 1 శాతం ఎసిటిక్ ఆమ్లంలో కరిగించుకో. దానిది ధనావేశం, గ్రాఫీన్ ఆక్సైడ్‌ది ఋణావేశం. చిక్కగా కలిపితే ఉండకడతాయి, పలచన చేసి కలుపుతూ బొట్టుబొట్టుగా వెయ్యి.

ఎవరూ లేని ఆదివారం ఒక్కదానివే లాబుకి వెళ్ళకు. తోడు దొరక్కపోతే చెప్పు, బస్సెక్కి నేనే వస్తాను.

మీ పెద్దమ్మ