నలభై రెండో చింతగింజ

తార్నాక,
డిసెంబరు 3

అమ్మాయీ,

నీ కవరు మొన్న అందింది. మీ ఇంట్లో పిల్లలతో క్రిస్మస్ గురించి నువ్వు రాసి పంపిన వ్యాసం పదకొండు పేజీలూ చదివాను. రెండోసారి పెన్సిలు పట్టుకుని చదివాను. ఉత్తరమంతా ‘మేడమ్ గారూ’ అని రాశావు. మా వీధిలో పాలబ్బాయి దగ్గర్నుంచీ అందరూ నన్ను టీచరమ్మ అనే అంటారు, నువ్వూ అలాగే అను.

ముందు చేదు మాట చెప్పేస్తాను. పదకొండు పేజీల్లో నీ పిల్లలు ఒక్కసారి కూడా నోరు విప్పలేదు. పొద్దున ఆరున్నరకు బైబిలు వాక్యం, ఏడింటికి కొవ్వొత్తి, ఎనిమిదింటికి కథ, పదింటికి నక్షత్రం కత్తిరించడం... ఇది టైంటేబులమ్మా. బడి వద్దనుకుని పిల్లల్ని ఇంట్లోనే చదివించుకుంటున్న తల్లి వ్యాసంలో బడిగంట ఇంత గట్టిగా మోగుతుంటే నవ్వొచ్చింది. ముప్పై ఏళ్ళు ఆ గంట కింద బతికినదాన్ని, దాని మోత నాకు తెలుసు. మరి పెద్దాడు ఎప్పుడు విసుక్కున్నాడు? చిన్నది ఆ కొవ్వొత్తిని ఎన్నిసార్లు ఊదేసింది? నీకు కోపం రాలేదా?

ఆరో పేజీలో మాత్రం పెన్సిలు ఆగిపోయింది. ‘పొత్తిగుడ్డలంటే ఏమిటో పిల్లలకు తెలియడానికి మా అత్తగారు తన పాత చీర చింపి చూపించారు’ అని ఒక్క వాక్యం రాసి, తర్వాతి వాక్యంలో రంగు కాగితాల దగ్గరికి వెళ్ళిపోయావు. చీర చింపారంటే అంత తేలిగ్గా దాటిపోతావా! క్రీస్తు బేత్లెహేములో పుట్టి పొత్తిగుడ్డల్లో పడుకున్న కథ చెప్పే లూకా సువార్త రెండో అధ్యాయం ఎన్ని వందల క్రిస్మస్ ఆరాధనల్లో విని ఉంటామో, ఆ మాట దగ్గర మనలో ఎంతమంది ఆగాం? మీ ఇంట్లో ఒక పిల్ల ఆగింది. పెద్దావిడ లేచి, ట్రంకుపెట్టె తీసి, ఉతికి ఉతికి మెత్తబడ్డ నూలు చీర అంచు పట్టుకుని చర్రున లాగింది. మన ఇళ్ళల్లో పుట్టిన బిడ్డకు మొదట చుట్టేది అదే గుడ్డ కదా. బేత్లెహేము నీ గడప దాకా వచ్చి నిలబడితే, కత్తెర కోసం వెతుక్కుంటూ వెళ్ళిపోయావు. నీ వ్యాసం అక్కడ మొదలవ్వాలి. ముందున్న అయిదు పేజీలూ తీసెయ్.

ఇలా అంటున్నానని నేనేదో మొదట్నుంచీ తెలిసి రాసినదాన్ని అనుకోకు. నా కథా చెప్తాను. మా నాన్న మిషన్ బడిలో పంతులు. క్రిస్మస్ ముందురోజు రాత్రి వంటింట్లో అమ్మ గులాబీ పువ్వుల అచ్చు నూనెలో ముంచుతుంటే, ముందుగదిలో ఆయన మమ్మల్ని కూర్చోబెట్టి మత్తయి సువార్త మొదటి అధ్యాయం చదివేవారు. అందులో కథేమీ ఉండదు, ఫలానావాడు ఫలానావాణ్ణి కనెను అని క్రీస్తు వంశావళి. నిద్రపోకుండా ఉండడానికి మా చేతికి చింతగింజలిచ్చి పేరుకో గింజ పక్కన పెట్టమనేవారు. అబ్రాహాము నుంచి దావీదు దాకా పద్నాలుగు తరాలు, అక్కణ్ణుంచి బబులోను చెర దాకా పద్నాలుగు, అక్కణ్ణుంచి క్రీస్తు దాకా పద్నాలుగు అని పదిహేడో వచనంలోనే ఉంది. అంటే నలభై రెండు. నేను పెట్టినవి నలభై ఒకటి. ‘మళ్ళీ లెక్కపెట్టు’ అన్నారు. మళ్ళీ నలభై ఒకటే. మూడోసారి ఆయనే వేలు పెట్టి చదువుతూ లెక్కపెట్టారు. చివరి వరసలో పదమూడు పేర్లే ఉన్నాయి. మిగిలిన ఆ ఒక్క గింజా చేతిలో పట్టుకుని చాలాసేపు కూర్చుని, ‘పడుకోండి, పొద్దున్నే గుడికి లేవాలి’ అన్నారు.

పెద్దయ్యాక ఓ వారపత్రిక క్రిస్మస్ సంచికకు ఆ రాత్రి గురించి రాశాను. ఏం రాశానో తెలుసా? ‘మా తండ్రిగారి గంభీర స్వరంలో వాక్యం మా హృదయాలను తాకేది’ అని. చింతగింజల ఊసే లేదు. ఆయన తెల్లబోయారని రాస్తే ఆయన భక్తికి మచ్చ అనుకున్నాను. వ్యాసం అచ్చయింది, ఎవరికీ గుర్తులేదు, నాకూ గుర్తులేదు. ఇరవై ఏళ్ళ తర్వాత గింజలతో సహా రాశాను. ఆ లెక్కకు పండితులు రకరకాల సమాధానాలు చెప్తారు, తర్వాత చదువుకున్నాను, అవేవీ అందులో పెట్టలేదు. అది చదివిన ఒక ముస్లిం పెద్దాయన, మౌలాలి ఆయన, మా ఇంటికొచ్చి టీ తాగి, వాళ్ళ నాన్న గురించి గంటసేపు మాట్లాడి వెళ్ళారు.

అందుకే చెప్తున్నా, నీ విశ్వాసం గురించి రాయి, సిగ్గుపడకు. కానీ మీ ఇంటిని నమూనా ఇల్లుగా చూపించకు. సమాధానం దొరకని చోటు ఉంటే దాన్ని మూసెయ్యకు.

భాష సంగతి. ప్రార్థన మొదలవగానే మనవాళ్ళ నోట్లో తెలుగు మారిపోతుంది చూడు. అప్పటిదాకా ‘ఒరేయ్ కూర్చోరా’ అన్న మనిషే కళ్ళు మూసుకోగానే ‘కృపగల తండ్రీ, నీ సన్నిధికి వచ్చియున్నాము’ అంటాడు. అది మన ఇళ్ళ అందం, వెక్కిరించకు. అయితే నువ్వు పదకొండు పేజీలూ కళ్ళు మూసుకునే రాశావు. ‘కేకు తయారుచేయబడెను’ ఏమిటి తల్లీ! కేకు చేశాం అను. ఇంటి తెలుగులో రాస్తూ పో, మధ్యలో ‘పొత్తిగుడ్డలు’ లాంటి మాట ఒక్కటి పడితే అదే మెరుస్తుంది.

సెమీ క్రిస్మస్, అడ్వెంటు, కూటం, ఇవన్నీ తెలియని పాఠకులు సగానికి పైగా ఉంటారు. వాళ్ళకోసం పేజీ నిండా వివరణ రాశావు, అక్కర్లేదు. అడ్వెంటంటే క్రిస్మస్‌కు ముందు నాలుగు ఆదివారాలు, నాలుగు కొవ్వొత్తులు, మూడు ఊదా, ఒకటి గులాబీ. జనరల్ బజారంతా తిరిగినా ఊదా రంగువి దొరక్క తెల్ల కొవ్వొత్తికి గ్లేజు కాగితం చుట్టావని నీ ఉత్తరంలో రాశావే గానీ వ్యాసంలో పెట్టలేదు. కాగితం అంటుకుంటుందని పెద్దాడు భయపడి పక్కన చెంబుతో నీళ్ళు పెట్టుకున్నాడట! ఆ చెంబు చాలు, అడ్వెంటు ఏమిటో అందరికీ తెలిసిపోతుంది.

ఒక పొరపాటు దిద్దుకో. పశువుల పాకలో ముగ్గురు జ్ఞానులు మోకరించారని మత్తయి రాసినట్టు రాశావు. మత్తయి ముగ్గురని ఎక్కడా అనలేదు, వాళ్ళు వచ్చింది ఇంట్లోకి అన్నాడు. గొర్రెల కాపరులు లూకాలో, జ్ఞానులు మత్తయిలో. మనం బొమ్మల కొలువులా అందర్నీ ఒకే పాకలో నిలబెడతాం. పిల్లల చేతికి రెండు సువార్తలూ ఇచ్చి ఎవరెక్కడున్నారో వాళ్ళనే వెతకమను. తర్వాత నీ బొమ్మల్ని ఎటు జరుపుతారో చూసి, అది రాయి.

పుస్తకాల జాబితా పద్నాలుగు. అందులో పదమూడు ఇంగ్లిషువి, అన్నిట్లో మంచు కురుస్తోంది. చదివించొద్దని అనను, నేనూ అబిడ్స్ ఆదివారం ఫుట్‌పాత్ మీద అలాంటివి కొనే పెరిగాను. కానీ జాబితా వ్యాసం కాదు. జాషువా ‘క్రీస్తు చరిత్ర’ మీ ఇంట్లో లేదా? 1964లో సాహిత్య అకాడెమీ బహుమతి వచ్చిన కావ్యం. పదేళ్ళవాడికి పద్యం సగం అర్థం కాదు, కాకపోనీ. గట్టిగా చదువు, వాడు ఏ పాదం దగ్గర తలెత్తాడో గమనించు. పుస్తక ప్రదర్శన ఎలాగూ ఈ నెలలోనే, ఎన్టీఆర్ స్టేడియంలో. పిల్లలకు తలో వంద ఇచ్చి వదిలెయ్, నువ్వు ఎంచకు.

మెదక్ చర్చి ప్రయాణం పేజీలో 1914 నుంచి 1924 దాకా కట్టారనీ, 175 అడుగుల గోపురమనీ, డిసెంబరు 25న ప్రతిష్ఠ జరిగిందనీ అన్నీ రాశావు. కరువులో ఆకలితో ఉన్నవాళ్ళకు పని, అన్నం దొరకాలని మిషనరీ పాస్నెట్ దొర ఆ గుడి కట్టించాడన్న సంగతి మాత్రం చివర్న తోక. దాన్ని ముందుకు తే, అంకెల్లో ఒకటి ఉంచు. ఆ రంగుటద్దాలు బయట నుంచి నల్లగా కనిపిస్తాయి, లోపలికి వెళ్ళి పగటి వెలుగులో చూడాలి. చిన్నది బయటే నిలబడి ‘ఏమీ లేదుగా’ అనలేదూ? అనే ఉంటుంది.

పరీక్షల గురించి బంధువులు అడిగే ప్రశ్నలకు రెండు పేజీలు వాదించావు. పద్నాలుగు నిండాక జాతీయ సార్వత్రిక విద్యాపీఠంలో పది రాయిస్తామని ఒక ముక్క చెప్పి వదిలెయ్. వాదన వేరే వ్యాసం.

ఈ ఏడాది ప్రత్యేక సంచికలన్నీ ఎప్పుడో అచ్చుకు వెళ్ళిపోయాయి, తొందరేం లేదు. ఇప్పుడే ఒక నోటుబుక్కు ఫ్రిజ్ మీద పెట్టుకో. పిల్లలు అన్న మాట అన్నట్టుగా, తప్పులతో సహా, ఆ రోజే రాసిపెట్టు. కేరల్స్‌వాళ్ళు అర్ధరాత్రి వచ్చి తలుపు కొట్టినప్పుడు మీ పక్క ఫ్లాటువాళ్ళేమన్నారో కూడా. జనవరిలో అది పట్టుకుని తార్నాక రా, మిగతాది కలిసి చూద్దాం.

మీ అత్తగారికి నా వందనాలు. ఆ చీర ఏ రంగో ఎక్కడా రాయలేదు నువ్వు. అడిగి రాయి.

నీ టీచరమ్మ