లిజనింగ్ పేపర్ సెట్ చేసే ముందు

కడప

చిరంజీవి నాయనకు,

మీ మేడమ్ ఆశీస్సులు. నిన్న ఫోన్‌లో నువ్వన్న మాట రాత్రంతా మనసులో మెదులుతూనే ఉంది. కర్నూలులో ఉద్యోగంలో చేరాక తొమ్మిదో తరగతికి మొదటిసారి ఫ్రెంచ్ లిజనింగ్ టెస్ట్ పెట్టావు. ఇరవైకి పది దాటినవాళ్లు ఐదుగురే. "ఈ పిల్లలకు చెవి లేదు మేడమ్" అన్నావు. ఆ మాట ఒప్పుకోలేకే ఈ ఉత్తరం. ఫోన్‌లో అయితే సగం చెప్పి సగం మరిచిపోతాను. రాసి పంపితే పేపర్ సెట్ చేసే రోజు పక్కన పెట్టుకుంటావు.

పిల్లలకు చెవి ఉంది నాయనా. ఈసారి ఇక్కడికి వచ్చినప్పుడు కడప స్టేషన్‌లో పది నిమిషాలు ఊరికే కూర్చో. మైకులో తెలుగు, హిందీ, ఇంగ్లిష్ ఒకదాని వెంట ఒకటి వస్తుంటాయి. ప్లాట్‌ఫారం మీద ఉన్నవాళ్లెవరూ అదంతా వినరు. తన బండి పేరు చెవిన పడగానే అవ్వ మాటలు ఆపేస్తుంది. ప్లాట్‌ఫారం నంబర్ వినగానే మూట ఎత్తుకుంటుంది. మిగతా మాటలేవీ ఆమెకు పట్టవు, పట్టాల్సిన పనీ లేదు. తను దేనికోసం వింటున్నదో ఆమెకు ముందే తెలుసు.

నీ టెస్టులో పిల్లలకు అది తెలిసిందా? ఆడియో మొత్తం అయిపోయాక ప్రశ్నపత్రం పంచానన్నావు. అలా చేస్తే నువ్వు పరీక్షించింది వాళ్ల జ్ఞాపకశక్తిని. నిమిషంన్నర తెలుగు వార్తలు వినిపించి, ఆ తర్వాత పది ప్రశ్నలడిగితే నువ్వూ నేనూ కూడా నాలుగు తప్పుతాం. ముందు ప్రశ్నపత్రం ఇవ్వు. చదువుకోవడానికి కాస్త టైం ఇవ్వు. ఆడియో వినిపించు, కాసేపు ఆగు, మళ్లీ వినిపించు. ఫ్రాన్స్ వాళ్లు పెట్టే ఫ్రెంచ్ పరీక్ష డెల్ఫ్ మొదటి స్థాయిల్లో చేసేదీ ఇదే. ప్రశ్నలు కూడా ఆడియోలో విషయం వచ్చే వరుసలోనే ఉండాలి. మూడో ప్రశ్న జవాబు చివర, ఐదో ప్రశ్న జవాబు మొదట పెడితే పిల్లలు కాగితం మీద వెతుక్కోవడంతోనే సరిపోతుంది.

ఇక అసలు సంగతి. ఆడియో నువ్వే చదివానన్నావు. నేనూ మొదట్లో అదే చేశాను. అనంతపురంలో ఒక స్కూల్లో ఉన్నప్పుడు స్పీకర్ లేదు, సీడీ ప్లేయర్ లేదు. పిల్లలకు అర్థం కావాలని ఒక్కో మాట విడదీసి, మధ్యలో ఆగి ఆగి చదివేదాన్ని. అందరికీ మంచి మార్కులు వచ్చేవి, నాకు సంతోషంగా ఉండేది. వాళ్లలో బాగా చదివే ఒక అమ్మాయి హైదరాబాద్ వెళ్లి డెల్ఫ్ రెండో స్థాయి, ఏ2, రాసి వచ్చింది. వచ్చిన మర్నాడు స్టాఫ్ రూమ్ గడప దగ్గర నిలబడి, "మేడమ్, అక్కడ వినిపించింది మీరు చెప్పిన ఫ్రెంచ్ కాదు" అంది. కళ్లలో నీళ్లు. రాతలో, చదవడంలో ఆ పిల్లకు తిరుగులేదు. వినడంలో మటుకు దెబ్బతింది. ఆ దెబ్బ నేను చదివి వినిపించిన తీరు వల్ల తగిలిందే.

ఎందుకలా అయిందో మన భాషలోనే చూడు. "వాడు ఎక్కడ ఉన్నాడు" అని మూడు మాటలు విడివిడిగా నేర్చుకున్న పరాయివాడు మన వీధిలోకి వస్తే, వాడికి వినబడేది "వాడెక్కడుండాడు" అని ఒకే మాట. సంధి మనకు పుట్టుకతో వచ్చింది కాబట్టి తెలియదు. ఫ్రెంచ్ కూడా మాటను మాటతో అతికించే భాషే. విడిగా ఉన్నప్పుడు పలకని చివరి అక్షరం, తర్వాతి మాట అచ్చుతో మొదలైతే చాలాసార్లు లేచి కూర్చుంటుంది. రెండును "దో" అంటారు. రెండు గంటలు అనేసరికి అది "దోజర్" అవుతుంది. పన్నెండు గంటలు అన్నా దాదాపు అలాగే, "దూజర్" అని వినబడుతుంది. నేను "దో... అర్" అని విడదీసి చదివినన్నాళ్లూ పిల్లల చెవికి ఆ "జ" తగలనే లేదు. నెమ్మదిగా చదవడంలో తప్పేమీ లేదు. యూరప్ దేశాల వాళ్లు 2001లో భాషా స్థాయిలకు పెట్టుకున్న కొలమానం కూడా మొదటి స్థాయి వాళ్లకు నెమ్మదైన, స్పష్టమైన మాట, మధ్యలో పెద్ద విరామాలు ఉండాలంటుంది. ఆ విరామం వాక్యానికీ వాక్యానికీ మధ్య రావాలి, అతుక్కున్న మాటల నడుమ రాకూడదు.

రికార్డింగులకు ఇప్పుడు కొదవ లేదు. ఫ్రాన్స్ రేడియో ఆర్‌ఎఫ్‌ఐ, ఫ్రెంచ్ టీవీ ఛానల్ టీవీ5 మోండ్ రెండూ ఫ్రెంచ్ నేర్చుకునేవాళ్ల కోసం స్థాయిలవారీగా ఆడియోలు, వీడియోలు పెడతాయి. ఒకే గొంతు అలవాటు చేయకు. ఆడ, మగ, ముసలి, చిన్న అన్నీ వినిపించు. మన అనంతపురం పిల్లాడు మొదటిసారి కోనసీమ మాట విన్నప్పుడు కాసేపు తెల్లమొహం వేస్తాడు కదా, అది తెలుగే అయినా.

మన పిల్లల చెవికి ప్రత్యేకంగా పడే ముళ్లు కొన్ని ఉన్నాయి. అవి తెలియకుండా పేపర్ దిద్దితే అన్నీ ఒకే రకం తప్పులుగా కనిపిస్తాయి. "వాళ్లకు ఉంది" అనడానికి "ఇల్‌జోం", "వాళ్లు ఫలానా" అనడానికి "ఇల్‌సోం". తేడా అంతా ఆ మధ్య శబ్దంలోనే ఉంది. ఫ్రెంచ్‌లో అది మన "జ" కంటే పలుచగా, తేనెటీగ రొదలా ఉంటుంది. మన చెవి దాన్ని ఒకసారి "జ" అనుకుంటుంది, ఒకసారి "స" అనుకుంటుంది. చేపకూ విషానికీ ఫ్రెంచ్‌లో తేడా ఈ శబ్దమే, "ప్వాసోం", "ప్వాజోం". ఇలాంటి జంటలు పది తీసుకుని వారానికోసారి ఐదు నిమిషాలు వినిపించి టిక్కు పెట్టించు. దానికి మార్కులు వేయకు. అది చెవికి సాధన. అర్థం చేసుకునే పరీక్షలో దాన్ని కలిపేస్తే ఏది ఎక్కడ పోయిందో నీకే తెలియదు.

అంకెల దగ్గర ఇంకొంచెం ఆగాలి. ఫ్రెంచ్‌లో డెబ్భై అంటే అరవై పది, ఎనభై అంటే నాలుగు ఇరవైలు, తొంభై రెండంటే నాలుగు ఇరవైల పన్నెండు. "కాత్ర్ వ్యాం దూజ్" అని ధర చెప్పే ఆడియో ఒకసారి పరీక్షలో పెట్టాను. ఒక పిల్ల పేపర్ ఇప్పటికీ కళ్ల ముందుంది. గీత మీద 4 రాసి కొట్టేసింది. పక్కన 80 రాసింది. దాన్నీ సగం కొట్టేసి వదిలేసింది. నేను సున్నా వేయబోయి ఆగాను. ఆ కొట్టివేతల్లో పిల్ల చెవి ఎలా నడిచిందో అంతా ఉంది. "కాత్ర్" విన్నది, "వ్యాం" విన్నది, కూడుకునే లోపల తర్వాతి వాక్యం వచ్చేసింది. ఆ పిల్ల వినలేదని ఎలా అంటాం? వేగం చాలలేదు, అంతే. అప్పటినుంచి పెన్సిల్, రబ్బరు వద్దన్నాను. పెన్నుతో రాసి కొట్టేయమంటాను. నువ్వూ అలాగే చెయ్యి, కొట్టివేతలు జాగ్రత్తగా చూడు.

ఫోన్ నంబర్లదీ ఇదే తంతు. మనం ఒక్కో అంకె చెప్పుకుంటాం. ఫ్రాన్స్‌లో పది అంకెల నంబరును రెండేసి చొప్పున ఐదు జతలుగా చెబుతారు. "సోసాంత్" వినగానే పిల్లాడు 60 రాసేస్తాడు, వెంటనే "దూజ్" వస్తుంది, అది 72 అని తెలిసేసరికి ఆలస్యం. ముందు క్లాసులో నెల రోజులు ఆడించి, ఆ తర్వాతే పరీక్షలో పెట్టు. బెల్జియంలో, స్విట్జర్లాండ్‌లో డెబ్భైకి, తొంభైకి వేరే తేలిక మాటలున్నాయి. అవి ఒకసారి వినిపిస్తే చాలు, అడగక్కర్లేదు.

ప్రశ్నలు తయారుచేశాక ఒక పని తప్పకుండా చెయ్యి. ఆడియో వినిపించకుండా ఆ ప్రశ్నపత్రం పక్క సెక్షన్‌లో నలుగురు పిల్లలకు ఇచ్చి జవాబులు పెట్టమను. పదికి ఆరు కరెక్ట్ అయ్యాయంటే ఆ పేపర్‌కు ఆడియో అవసరమే లేదన్నమాట. "రెస్టారెంట్‌లో అతను ఎవరిని పిలిచాడు, వెయిటర్‌నా, పైలట్‌నా, పంతులునా" లాంటి బిట్లు అప్పుడు బయటపడతాయి. మంచి ప్రశ్న ఎలా ఉంటుందో ఒకటి చెబుతాను. ఆడియోలో ఒకావిడ, "శనివారం వద్దామనుకున్నాను, కానీ మా అమ్మకు ఒంట్లో బాగాలేదు, ఆదివారమే వస్తాను" అంటుంది. ఎప్పుడు వస్తుంది అని అడుగు. ఎంచుకునే జవాబుల్లో శనివారం, ఆదివారం రెండూ పెట్టు. ఒక్క "సామ్‌ది" పట్టుకుని మిగతాది వదిలేసినవాడు శనివారం పెడతాడు. వాక్యం మొత్తం విన్నవాడు ఆదివారం పెడతాడు. ఆ ఇద్దరినీ వేరు చేయగలిగితే నీ ప్రశ్న పనిచేసినట్టు.

స్పెల్లింగ్‌కు మార్కులు కోశానన్నావు. కోయకు. ఆదివారం అని అర్థమై, ఫ్రెంచ్‌లో ఒక అక్షరం తప్పు రాసిన పిల్ల విన్నది కదా! దాని అక్షరదోషాల లెక్క రాత పరీక్షలో చూసుకో. మొదటి ఏడాది పిల్లలైతే తెలుగులో రాసినా మార్కు వేసెయ్యి, లేదా బొమ్మల మీద టిక్కు పెట్టించు. డెల్ఫ్ వాళ్లు 2020లో తెచ్చిన కొత్త పద్ధతిలో లిజనింగ్ భాగమంతా జవాబు ఎంచుకునే ప్రశ్నలే పెట్టారు. నీ పిల్లల్లో ఎవరైనా డెల్ఫ్ రాస్తామంటే ఇది కూడా చెప్పు: నాలుగు భాగాలు, ఒక్కోదానికి 25 మార్కులు, మొత్తం మీద 50 రావాలి, ఏ ఒక్కదాంట్లోనూ 5 కంటే తగ్గకూడదు. వినడం వదిలేసి మిగతా మూడింటితో గట్టెక్కుదామంటే కుదరదు.

డిక్టేషన్ పెట్టి అదే లిజనింగ్ అనుకునేవాళ్లున్నారు. అర్థం తెలియకుండా రాసేయొచ్చు, అర్థమై తప్పుగా రాయొచ్చు. రెండూ వేరు.

ఇప్పుడు ఆ పేపర్లు నీ దగ్గరే ఉన్నాయి కదా. మార్కుల లిస్టు ఆఫీసులో ఇచ్చేముందు ఒక పీరియడ్ దీనికి కేటాయించు. పేపర్లు తిరిగి ఇచ్చి, నువ్వు చదివిన ఆ పాఠం అచ్చు కాగితం కూడా ఇచ్చెయ్యి. పిల్లలందరినీ ఆకుపచ్చ పెన్నుతో మళ్లీ జవాబులు రాయమను. నీలం తప్పై, ఆకుపచ్చ ఒప్పైన చోట పిల్లకు మాట తెలుసు, చెవికి అందలేదు. అక్కడ చేయాల్సింది వినిపించడం. రెండు రంగులూ తప్పైతే మాటే తెలియదు, పాఠం మళ్లీ చెప్పాలి. కాగితం చూసి, "ఇది తెలుసు సార్, ప్రశ్న ఇంకోలా అనుకున్నా" అంటే తప్పు నీ ప్రశ్నది. దానికి మార్కు కలిపెయ్యి, మొహమాటపడకు. ముప్పై పేపర్లు ఇలా చూస్తే ఎక్కువలో ఎక్కువ రెండు గంటలు పడుతుంది. ఆ రెండు గంటల్లో నీకు తెలిసేది నాకు పదేళ్లకు గానీ తెలియలేదు.

క్లాసు సంగతి కూడా చూసుకో. ఫోన్ టేబుల్ మీద పెట్టి వినిపిస్తే మూడో బెంచీ దాటదు. చార్జింగ్ పెట్టుకునే స్పీకర్ ఒకటి తెచ్చుకో, కరెంటు పోయినా ఇబ్బంది ఉండదు. పరీక్షకు ముందు చివరి బెంచీలో నువ్వే కూర్చుని విను. ఫ్యాన్లు ఆ పది నిమిషాలు ఆపించు. కర్నూలు ఎండలకు అది కష్టమే, అందుకే లిజనింగ్ ఎప్పుడూ మొదటి పీరియడ్‌లో పెట్టు.

ఇంకొకటి చెప్పాలి, ఇది అన్నిటికంటే ముందే చెప్పాల్సింది. నా దగ్గర ఒక పిల్లాడుండేవాడు. చదివి జవాబు చెప్పమంటే ముత్యాల్లా చెప్పేవాడు, లిజనింగ్‌లో ఎప్పుడూ రెండు, మూడు. శ్రద్ధ లేదని తిట్టాను కూడా. ఒకరోజు ఇన్విజిలేషన్ చేస్తూ వాడి వెనకాల నిలబడ్డాను. ఆడియో మొదలవగానే తల పూర్తిగా ఎడమకు తిప్పి, కుడి చెవి స్పీకర్ వైపు పెట్టాడు. అంతా అయిపోయేదాకా అలాగే ఉన్నాడు. సాయంత్రం వాళ్లమ్మను పిలిపించి అడిగితే, చిన్నప్పుడు చీము కారేది, తగ్గిపోయిందనుకున్నామంది. చెవి డాక్టర్‌కు చూపించారు. ఎడమ చెవి సగం కూడా పనిచేయడం లేదట. ఆ తర్వాత వాడిని ముందు బెంచీలో ఎడమ చివర, కుడి చెవి స్పీకర్‌కు దగ్గరగా కూర్చోబెట్టాను. అందుకే "చెవి లేదు" అనే మాట నీ నోట వినగానే నాకు మనసు చివుక్కుమంది. రెండు మార్కులు వచ్చిన పిల్లల్ని ఈసారి ఆడియో నడిచేటప్పుడు వెనక నిలబడి చూడు.

సంక్రాంతి సెలవులకు ఊరికి వస్తావు కదా. దారిలో ఇక్కడ దిగి, ఆ రెండు రంగుల పేపర్లు ఓ పది పట్టుకురా. పిల్లల పేర్లు కనబడకుండా పైన మడిచి తీసుకురా. ఇద్దరం కూర్చుని కొట్టివేతలు చూద్దాం. భోజనం ఇక్కడే.

ఇట్లు,
మీ మేడమ్