టెక్ సందేహాలు: పాత యెజ్డీ కింద పెట్రోలు తడి

ప్రశ్న: మాది కావలి. మా నాన్నగారు 1984లో కొన్న యెజ్డీ రోడ్‌కింగ్ చాలా ఏళ్లు షెడ్డులోనే ఉండిపోయింది. ఈమధ్య బయటికి తీసి పెట్రోలు పోయించినప్పటి నుంచి తెల్లవారేసరికి బండి కింద నేల తడిసి ఉంటోంది. మెకానిక్ ట్యాంకు అడుగున ఎంసీల్ పెట్టి, పెట్రోలు కాక్‌ను (ట్యాంకు కింద పెట్రోలును తెరిచే, మూసే మీట) గట్టిగా బిగించాడు. కొన్నాళ్లకే మళ్లీ మొదలైంది. ఇథనాల్ కలిపిన పెట్రోలే కారణమని కొందరు అంటున్నారు. కార్బురేటర్ మార్చేయమంటారా?

జవాబు: కార్బురేటర్ మార్చే మాట ఇప్పుడే వద్దు. పెట్రోలు ఎక్కడ కారుతోందో మీరు రాయలేదు, బహుశా మీ మెకానిక్ కూడా చూసి ఉండరు. ట్యాంకు అతుకు దగ్గర ఊరిన చుక్క పైపు వెంట జారి కార్బురేటర్ అడుగున తేలడం, అది చూసి కార్బురేటర్‌ను తప్పుపట్టడం పాత బండ్ల విషయంలో తరచూ జరిగేదే. మీది టూ స్ట్రోక్ బండి కావడం ఇక్కడ కలిసొచ్చే విషయం. పెట్రోలు ఆవిరైపోయినా అందులో కలిపిన ఆయిల్ జిడ్డు మిగిలిపోతుంది కనుక, ఆ జిడ్డు జాడను కింది నుంచి పైకి చూసుకుంటూ వెళితే అది ఎక్కడ ఆగిపోతుందో లీకు దాదాపుగా అక్కడే ఉంటుంది.

వెతికే ముందు బండిని ఆరుబయటికి తెచ్చుకోండి. పెట్రోలు సున్నాకు 40 డిగ్రీలు తక్కువ చలిలో కూడా మంట అంటుకునేంత ఆవిరిని వదులుతుంది. ఆ ఆవిరి గాలికంటే బరువైనది కనుక నేలబారున పాకి దూరాన ఉన్న గ్యాస్ పొయ్యినో దేవుడి దీపాన్నో అందుకోగలదు. లీకు తేలేవరకు బండిని వసారాలో పెట్టకండి, తడి ఉండగా కిక్కు కొట్టకండి.

తరువాత ట్యాంకు అడుగు, కాక్, పైపు, కార్బురేటర్ అన్నింటినీ పొడిగుడ్డతో తుడిచి, పైన పలుచగా టాల్కం పౌడరు చల్లి, కాక్ మూసి గంటసేపు వదిలేయండి. పౌడరు తడిసి రంగు మారిందంటే తప్పు ట్యాంకుదో కాక్‌దో అవుతుంది. పొడిగా ఉంటే కాక్ తెరిచి మరో గంట చూడండి. అప్పుడు తడిస్తే పైపునో కార్బురేటర్‌నో అనుమానించాలి. రెండుసార్లూ పొడిగా ఉండి, ఇంజను నడిచినప్పుడే కారుతుంటే అదిరేచోట వదులైన స్క్రూలను, క్లిప్పులను చూడాలి. మీ బండి రాత్రిపూట కారుతోందన్నారు కాబట్టి ముందుగా అడగవలసిన మాట ఒకటుంది: రాత్రి కాక్ మూస్తున్నారా? కార్బురేటర్ లేని ఇంజెక్షన్ బండ్లకు అలవాటుపడినవారికి కాక్ అనేది ఒకటుంటుందన్న సంగతే గుర్తుండదు.

కాక్ మూసినా కారుతుంటే, నా అనుమానం మొదట కాక్ లోపలి వాషరు మీదికే వెళుతుంది. ఆ కాలపు కాక్‌లలో చాలావాటికి బెండు వాషర్లు వేసేవారు. బెండు పెట్రోలులో నానుతున్నంతకాలం ఉబ్బి బిగుతుగా ఉంటుంది, ఏళ్లతరబడి ఎండితే ముడుచుకుపోయి సందు ఇస్తుంది. వేడినీళ్లలో నానబెడితే కొంత కోలుకుంటుంది కానీ అది నాలుగు రోజుల ముచ్చట. కొలతకు తగిన వైటాన్ (పెట్రోలును తట్టుకునే రకం) రబ్బరు వాషరు దొరికితే అదే వేయించండి. దీనికి బిగింపు మందు కాదు. పోతపోసిన కాక్ బాడీ పగులుతుంది, లేదా ట్యాంకు మర పోతుంది, అప్పుడు ముప్పై రూపాయల పని మూడువేల పని అవుతుంది.

ఇథనాల్ సంగతి పూర్తిగా పుకారు కాదు. మన దేశంలో 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలు అమ్మకం 2023 ఫిబ్రవరిలో మొదలై, 2025 నాటికి బంకుల్లో సర్వసాధారణమైంది. మైసూరులో యెజ్డీలు తయారుచేసిన ఐడియల్ జావా 1996లోనే మూతపడింది కనుక, ఆ రబ్బర్లను ఇంత ఇథనాల్‌ను దృష్టిలో పెట్టుకొని చేసి ఉండరు. ఇథనాల్‌కు పాత రబ్బరు ఉబ్బుతుంది, మెత్తబడుతుంది, ఎండినప్పుడు బీటలు వారుతుంది. ఇథనాల్ ట్యాంకులో ఏళ్లుగా పేరుకున్న మడ్డిని కూడా కదిలించి కిందికి పంపుతుంది. పైగా ఇథనాల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది. మీలా సముద్రానికి దగ్గరగా ఉండేవారి బండి సగం ట్యాంకుతో నెలలతరబడి నిలిచిపోతే, నీటిపాలు హద్దు దాటి ఇథనాల్, నీరు కలిసి అడుగుకు దిగుతాయి. తుప్పు మొదలయ్యేది సరిగ్గా అక్కడే. అయినా మీ బండి పెట్రోలు పోసిన వెంటనే కారడం మొదలైంది కాబట్టి, ఎండిన వాషర్ల తప్పే ఇందులో ఎక్కువని నా అభిప్రాయం.

పైపు విషయంలో ఆలోచించనక్కర్లేదు, మార్చేయండి. తెల్ల ప్లాస్టిక్ పైపు ఏడాదికే పసుపెక్కి బిరుసెక్కుతుంది. పైపు మీద ఎస్‌ఏఈ జే30 ఆర్9 అని (పెట్రోలు పైపుల ప్రమాణం పేరు) ముద్ర ఉన్నది అడిగి తీసుకోండి, రెండు కొసలా తీగ చుట్టకుండా క్లిప్పు వేయించండి.

కాక్ తెరిచినప్పుడే కారుతూ, ఓవర్‌ఫ్లో దారిన చుక్కలు పడుతుంటే అది ఫ్లోట్ నీడిల్ పని. కార్బురేటర్ అడుగు గిన్నె (బౌల్) నిండగానే అందులో తేలే ఫ్లోట్ పైకి లేచి ఈ సూదిని సీటులోకి నెట్టి పెట్రోలును ఆపుతుంది. ట్యాంకు నుంచి వచ్చిన తుప్పు రేణువు నీడిల్‌కు, దాని సీటుకు మధ్య ఇరుక్కుంటే పెట్రోలు ఆగదు. స్క్రూడ్రైవర్ పిడితో బౌల్ మీద మెల్లగా తడితే ఒక్కోసారి రేణువు కదిలిపోతుంది. నీడిల్ మొనపై గాడి కనిపిస్తే నీడిల్‌ను, కుదిరితే సీటును కూడా కలిపి మార్చాలి. ఇత్తడి ఫ్లోట్ అయితే దానిని వేడినీళ్లలో ముంచండి, బుడగలు వస్తే చిల్లు ఉన్నట్టే. ఆ చిల్లును టంకంతో మూయవచ్చు కానీ టంకం బరువుకు ఫ్లోట్ కిందికి కుంగి పెట్రోలు మట్టం పెరుగుతుంది, అంటే మళ్లీ ఓవర్‌ఫ్లో. అందుకే చుక్కంత టంకంతో సరిపెట్టమనండి, వీలైతే కొత్తది వేయించండి. నీడిల్ వదిలేసిన పెట్రోలు ఒక్కోసారి బయటికి రాకుండా ఇంజను అడుగుకు చేరుతుంది. పొద్దున కిక్కు అసాధారణంగా బరువెక్కితే బలవంతంగా తొక్కకుండా ముందు ప్లగ్ విప్పండి.

ఇక ట్యాంకే చిల్లుపడి ఉంటే ఎంసీల్ నిలవదు, ఎందుకంటే తడి, జిడ్డు ఉన్న రేకుకు అది అంటదు. నెల్లూరు, ఒంగోలు రేడియేటర్ షాపుల్లో టంకం, బ్రేజింగ్ (ఇత్తడి కరిగించి అతికే పని) తెలిసినవారు దొరుకుతారు. అయితే ఖాళీ ట్యాంకు నిండు ట్యాంకుకంటే ప్రమాదకరం, లోపలంతా ఆవిరే ఉంటుంది. సబ్బునీళ్లతో పలుమార్లు కడిగి, ఆవిరి పూర్తిగా పోయిందని తేలేవరకు దానికి మంట చూపించనివ్వకండి. అతుకు పొడవునా తుప్పు తినేసి ఉంటే టంకానికి పోకుండా ఇంకో ట్యాంకు వెతుక్కోవడం మంచిది.

ఇంకొకటి. రోహిణికార్తె ఎండలో నిండా పోయించి బండిని బయట నిలిపితే, 10 లీటర్ల పెట్రోలు 20 డిగ్రీలు వేడెక్కితే దాదాపు 190 మిల్లీలీటర్లు వ్యాకోచించి మూత దగ్గర పొంగుతుంది. అది లీకు కాదు. మెడవరకు పోయించకుండా ఉంటే చాలు.

ప్రశ్న: ఒంగోలు నుంచి రాస్తున్నాను. ఫోనుకు తగిలించే ఎండోస్కోప్ కెమెరాతో (సన్నటి తీగ కొసన ఉండే చిన్న కెమెరా) పాత బుల్లెట్ ట్యాంకు లోపలి తుప్పును చూడవచ్చా?

జవాబు: చూడవచ్చు, ట్యాంకులో పెట్రోలుగానీ ఆవిరిగానీ లేనప్పుడు మాత్రమే. ఆ కెమెరాలు నీటిని తట్టుకుంటాయేమో కానీ మండే ఆవిరిలో వాడేందుకు తయారైనవి కావు, వాటి కొసన వెలిగే ఎల్‌ఈడీలకు కరెంటు అందుతూ ఉంటుంది. ట్యాంకు విప్పి, కడిగి, ఎండలో ఆరబెట్టాక 5.5 మిల్లీమీటర్ల కొస ఉన్నది కొనుక్కుంటే కాక్ రంధ్రంలోనుంచి కూడా పోతుంది. ఆండ్రాయిడ్ ఫోనైతే టైప్-సి పిన్ను ఉన్నది చాలు. దానితో ఇచ్చే యాప్ మీ కాంటాక్టులు, లొకేషన్ అడిగితే నిరాకరించండి, బొమ్మ చూపడానికి వాటితో పనిలేదు. చూడవలసింది పైభాగం కాదు, వెనకవైపు అడుగున రెండు రేకులు కలిసే అతుకు. ఎర్రగా పొడిలా కనిపించేది రాలిపోయే తుప్పు, దానిని శుభ్రం చేయవచ్చు. నల్లగా గుంటలు పడి ఉంటే మాత్రం శుభ్రం చేశాక చిల్లులు బయటపడతాయని ముందే అనుకోండి.