సూది కన్నా ముందు సుత్తి

చిరంజీవి బిడ్డకు పెద్దబాపు ఆశీర్వదించి వ్రాయునది.

హైదరాబాదులో నొప్పి వైద్యం ఫెలోషిప్ ముగించుకొని, దసరా తరువాత నల్లగొండలోనే సొంత క్లినిక్ తెరుస్తున్నావని, సూది ఎక్కడికి పోతున్నదో ఎక్స్‌రేలో చూపించే సీ-ఆర్మ్ యంత్రం కోసం బ్యాంకులో అప్పుకు దరఖాస్తు కూడా పెట్టుకున్నావని మీ బాపు ఫోనులో చెప్పాడు. మన ఇంటి పిల్ల మన జిల్లాకే తిరిగి వస్తున్నదంటే ఎంత గర్వంగా ఉన్నదో చెప్పలేను; ఆ అప్పు మాట విన్నప్పటి నుంచి మాత్రం మనసు నిలవడం లేదు. మత్తు డాక్టరుగా ఇక్కడే పనిచేసి రిటైరైనవాణ్ణి కనుక, ఈ ప్రాంతపు నడుముల గురించి నాకు తెలిసింది నీకు రాసి ఇవ్వడం నా బాధ్యత అనుకుంటున్నాను.

నీకు తెలిసినవే ముందు చెప్పేస్తాను. రక్తం పలుచబడే మందులు వాడుతున్నారేమో ప్రతి ఒక్కరినీ అడుగు. గుండెలో స్టెంటు ఉన్నవారికి వాళ్ల గుండె డాక్టరును సంప్రదించకుండా వాటిని ఆపించవద్దు. స్టెరాయిడ్ పడ్డాక కొన్ని రోజులు షుగరు పెరుగుతుందని షుగరు రోగులకు ముందే చెప్పు. మత్తుమందు రక్తంలో కలిసి ప్రమాదమైతే విరుగుడుగా ఎక్కించే 20 శాతం లిపిడ్ ఎమల్షన్ చేతికందే చోట ఉంచు. మెడలో నరం బయటికి వచ్చే రంధ్రం దగ్గర రేణువులున్న స్టెరాయిడ్ ఎప్పుడూ వేయవద్దు. మందు సీసా ఎక్కడిదో చూసుకో. 2012లో అమెరికాలో బూజు చేరిన స్టెరాయిడ్ సీసాల వల్ల వెన్నులో సూది వేయించుకున్నవాళ్లు 60 మందికి పైగా చనిపోయారు. సీ-ఆర్మ్‌కు అణుశక్తి నియంత్రణ మండలి అనుమతి, అల్ట్రాసౌండ్‌కు లింగ నిర్ధారణ నిషేధ చట్టం కింద రిజిస్ట్రేషన్ తప్పనిసరి. నరాలు చూడటానికే వాడుతున్నానంటే అధికారులు ఒప్పుకోరు.

ఇక అసలు సంగతికి వస్తాను. నువ్వు ఫెలోషిప్‌లో చూసిన నడుములు వేరు, మర్రిగూడ, నాంపల్లి, మునుగోడు, చండూరు వైపు నుంచి వచ్చే నడుములు వేరు. ఇప్పుడు ఆ ఊళ్లకు కృష్ణా నీళ్లు వస్తున్నాయి గానీ, యాభై దాటిన వాళ్లంతా చిన్ననాటి నుంచి ఫ్లోరైడ్ బోరు నీళ్లు తాగి పెరిగినవాళ్లే. నీరు మారినా వాళ్ల ఎముకలు మారలేదు. ఎక్స్‌రేలో వెన్నుపూసలు సున్నం కొట్టిన గోడలా తెల్లగా కనబడతాయి, ఎముకలను కలిపి పట్టే లిగమెంట్లు ఎముకగా గట్టిపడతాయి, వెన్నుపాము ఉండే కాలువ ఇరుకైపోతుంది.

ఆ వైపు నుంచే వచ్చిన ఒక నేత కార్మికుని సంగతి చెబుతాను, ఓపికగా చదువు. గుంట మగ్గం మీద కూర్చొని కూర్చొని నడుము నొప్పి, దానితోపాటు కాళ్లు పట్టేయడం. వేరే ఊరిలో ఒక ఆస్పత్రికి వెళ్తే నడుముకు మాత్రమే ఎక్స్‌రే తీసి, వెన్నులో స్టెరాయిడ్ సూది వేశారు. నొప్పి తగ్గింది. మళ్లీ వస్తే మళ్లీ వేశారు, ఆ తరువాత మూడోసారి కూడా వేశారు. సూది పడిన ప్రతిసారీ నొప్పి తగ్గుతూనే ఉన్నది, కాళ్లు మాత్రం బిగుసుకుపోతూనే ఉన్నాయి. మగ్గం తొక్కుతుంటే కాళ్లు మాట వినడం లేదని ఆయన చెప్పుకున్నాడట; నడుము నొప్పి వల్లనే అన్నారట. చివరికి మూత్రం ఆగిపోతే ఆపరేషనుకు తెచ్చారు, మత్తు ఇవ్వడానికి నన్ను పిలిచారు.

మోకాలి కింద నరాల పరీక్షకు వాడే చిన్న సుత్తితో తట్టగానే కాలు మామూలు కన్నా ఎక్కువగా ఎగిరిపడింది. అరికాలు గీస్తే బొటనవేలు పైకి లేచింది. ఈ రెండూ పైన ఎక్కడో వెన్నుపాము నలుగుతున్నదనే గుర్తులు. జబ్బు నడుములో కాదు, మెడలో ఉన్నది. ఎంఆర్‌ఐలో మెడ దగ్గర వెన్నుపాము నలిగిపోయి కనబడింది. మత్తు ఇచ్చేటప్పుడు శ్వాస గొట్టం వేద్దామంటే ఆ మెడ కొంచెం కూడా వెనక్కి వంగలేదు. చెప్పులు కాలి నుంచి జారిపోతున్నా తనకు తెలియడం లేదని, చొక్కా గుండీలు భార్యే పెడుతున్నదని నేను అడిగిన తరువాత చెప్పాడు. పాత కేసు షీటంతా తిరగేశాను. సుత్తితో తట్టి చూసే రిఫ్లెక్సుల గురించి ఒక్క అక్షరం లేదు. ఆపరేషన్ బాగానే జరిగింది గానీ ఆయన మళ్లీ మగ్గం ఎక్కలేదు. "నొప్పి తగ్గిందన్నరు గద సారూ, మరి కాళ్లెందుకు పోయినయి?" అని ఆయన భార్య వరండాలో అడిగింది. సూది చేతిలో పట్టిన ప్రతిసారీ ఆ ప్రశ్న నీకు గుర్తుకు రావాలనే ఇంత వివరంగా రాస్తున్నాను.

కాబట్టి, బిడ్డా, ఎంత రద్దీ ఉన్నా సుత్తి తీయకుండా సూది తీయవద్దు. చెప్పు జారుతున్నదా, గుండీ పెట్టుకోగలుగుతున్నారా, మూత్రం సరిగా వస్తున్నదా అని అడుగు. ఫ్లోరైడ్ అనుమానం వస్తే ముంజేయికి ఒక ఎక్స్‌రే తీయించు. రెండు ఎముకల మధ్య పొర గట్టిపడి ఉంటే జబ్బు తెలిసిపోతుంది. అటువంటి వారికి నడుముతో ఆగకుండా వెన్నంతా ఎంఆర్‌ఐలో చూడాలి. వెన్నుపాము నలిగిన గుర్తు ఏ కొంచెం కనబడినా సూది పక్కన పెట్టి న్యూరోసర్జన్ దగ్గరికి పంపు. అటువంటి గుర్తులేమీ లేక, సూది వేయవలసి వచ్చినప్పుడు కూడా, సూది లిగమెంటు దాటగానే చేతికి పట్టు వదిలినట్లు తెలిసే గుర్తును అక్కడ నమ్మవద్దు, ఎక్స్‌రేలో కనబడే కాంట్రాస్టు మందు వేసి చూసుకో, మందు పరిమాణం తగ్గించు. రాత్రి జ్వరం, బరువు తగ్గడం ఉంటే వెన్ను క్షయ కాదని తేలేదాకా స్టెరాయిడ్ ముట్టుకోవద్దు.

నీ దగ్గరికి వచ్చేవారిలో చాలామంది ఊళ్లో ఆర్‌ఎంపీ దగ్గర డెక్సా అనే స్టెరాయిడ్ సూదులు వేయించుకొని వస్తారు. అడిగితే చెప్పరు, కసిరితే అసలే చెప్పరు. ముఖం ఉబ్బి ఉన్నదా, చర్మం పలుచబడి కమిలిందా చూడు, మెల్లగా అడుగు, నువ్వు ఇవ్వబోయే స్టెరాయిడ్‌ను ఆ లెక్కలో కలుపుకో.

వెన్నుపూసల కీళ్ల నొప్పికి, నొప్పి మోసే నరాన్ని వేడితో కాల్చే రేడియోఫ్రీక్వెన్సీ చేస్తానంటే నాకు సంతోషమే. అయితే ముందు మత్తుమందుతో ఆ నరాన్ని తాత్కాలికంగా మొద్దుబార్చే పరీక్ష బ్లాకు రెండుసార్లు చేసి, ప్రతిసారీ, బల్ల దిగిన వెంటనే ఆ మనిషిని నేల మీద కూర్చోబెట్టి, వంచి, లేపి చూడు. ఏ పని చేస్తే నొప్పి లేస్తుందో ఆ పనే చేయించాలి. 80 డిగ్రీల వేడి తగిలిన నరం కొన్ని నెలలకు మళ్లీ పెరుగుతుందని, నొప్పి తిరిగి రావచ్చని దాచకుండా చెప్పు.

అప్పు గురించి నా భయం ఇదే. యంత్రం నీదైతే నెలనెలా కిస్తీ కట్టాలి, కిస్తీ తేదీ దగ్గర పడినప్పుడు సూది అవసరం లేని నడుముకు కూడా అవసరం ఉన్నట్లే కనబడుతుంది. నీ నిజాయితీ మీద నాకు అనుమానం లేదు; మంచి డాక్టర్లకే అలా జరగడం చూశాను. మొదటి ఏడాది సీ-ఆర్మ్ ఉన్న ఆస్పత్రిలో వారానికి ఒకటి రెండు రోజులు థియేటరు అద్దెకు తీసుకో, మిగతా రోజులు రోగులను చూడు. నాకు పరిచయమున్న వాళ్లతో నేను మాట్లాడతాను.

ఎక్స్‌రే కిరణాలను ఆపే లెడ్ ఆప్రాన్ నీ కొలతకు తగినది కొను, థైరాయిడ్ కాలర్ లేకుండా లోపలికి అడుగు పెట్టవద్దు, కిరణాల కింద చెయ్యి పెట్టవద్దు. మా రోజుల్లో ఎవరూ పట్టించుకోలేదు, నువ్వు అలా చేస్తే నేను ఊరుకోను. వేళకు తినడం లేదని మీ పెద్దమ్మ వేరే బాధపడుతున్నది. ఆదివారం మీ బాపును తీసుకొని ఇంటికి రా. బ్యాంకు కాగితాల మీద సంతకం పెట్టకముందే రా, అవి కూడా పట్టుకొని రా.

ఇట్లు,
మీ పెద్దబాపు