మాస్టైటిస్ అంటే మీ ఇంట్లో అనే పొదుగువాపే

ప్రశ్న: పదో తరగతి దాకా తెలుగు మీడియంలో చదివాను. ఇంట్లో రెండు గేదెలున్నాయి, చిన్నప్పటి నుంచి పాలు పితకడం అలవాటే, ఆ ఇష్టంతోనే పశుసంవర్ధక డిప్లొమాలో చేరాను. పుస్తకం తెరిస్తే అన్నీ నోరు తిరగని ఇంగ్లిష్ పేర్లే. బట్టీ పట్టినా వారానికే మర్చిపోతున్నాను. చాలా టెన్షన్‌గా ఉంది. మానేసి ఇంటర్‌లో చేరనా? పెద్ద మెడికల్ డిక్షనరీ కొంటే ఉపయోగం ఉంటుందా?

జవాబు: మానేయొద్దమ్మా. ఎద, చూడి, మాయ, ఈత, నెమరు, గాలికుంటు, జబ్బవాపు, ఇవన్నీ నీకు ఎవరూ నేర్పకుండానే వచ్చాయి. పట్నం నుంచి వచ్చి నీ పక్క బెంచీలో కూర్చున్న వాళ్లు వీటిని ఇప్పుడు నేర్చుకోవాలి. నీకు మిగిలింది వాటి రెండో పేరు నేర్చుకోవడమే.

ముందు బట్టీ ఆపు. ఈ పేర్లలో చాలావరకు గ్రీకు, లాటిన్ ముక్కలు అతికించి చేసినవి. బడిలో సమాసానికి విగ్రహవాక్యం రాసేదానివి కదా, ఇక్కడా అదే పని, కాకపోతే చివరి నుంచి మొదలుపెట్టాలి. 'ఐటిస్' అని ముగిస్తే వాపు. మాస్ట్ అంటే పొదుగు కాబట్టి మాస్టైటిస్, మెట్రా అంటే గర్భాశయం కాబట్టి మెట్రైటిస్, ఎంటర్ అంటే పేగు కాబట్టి ఎంటరైటిస్. 'టమీ' అంటే కోసి తెరవడం, 'ఎక్టమీ' అంటే కోసి తీసేయడం.

ఇప్పుడు పెద్దది ఒకటి చూద్దాం: ట్రామాటిక్ రెటిక్యులో పెరిటొనైటిస్. పశువు మేతను ఏరుకుని నమలదు, గడ్డిలో తీగముక్క ఉన్నా మింగేస్తుంది. అది లోపల తేనెపట్టులా గళ్లు గళ్లుగా ఉండే రెటిక్యులమ్ అనే పొట్ట గదిలో చేరుతుంది, ఆ గది ముడుచుకున్నప్పుడల్లా గోడలోకి దిగి బయటికి పొడుచుకొస్తుంది, అప్పుడు కడుపు లోపలి పొర, అంటే పెరిటోనియమ్, వాస్తుంది. ట్రామా అంటే గాయం. నాలుగు ముక్కలూ కలిపితే జబ్బు కథంతా పేరులోనే ఉంది. ఆ గదికి ముందు పక్కనే డయాఫ్రమ్, అంటే కడుపునూ ఛాతీనీ విడదీసే పొర, దాన్ని దాటితే గుండె. తీగ అక్కడిదాకా వెళ్తే పెరికార్డైటిస్: పెరి అంటే చుట్టూ, కార్డ్ అంటే గుండె, ఐటిస్ నీకు తెలిసిందే. పశువు గంగడోలు దగ్గర నీరు దిగి ఎందుకు వాస్తుందో తర్వాత క్లాసులో చెప్పినప్పుడు నీకు వెంటనే అందుతుంది.

రైతు పెట్టిన పేరు కంటికి కనిపించేదాన్ని చెబుతుంది, పుస్తకంలో పేరు చాలాసార్లు లోపల జరిగేదాన్ని చెబుతుంది. ఈ తేడా నాకు చాలా ముఖ్యం అనిపిస్తుంది. పాలజ్వరమే తీసుకో. ఈనిన పశువు లేవలేక, మెడ పక్కకు తిప్పి పడుకుంటుంది, చెవులు చల్లగా ఉంటాయి, మామూలుగా 101.5 డిగ్రీల దగ్గర ఉండాల్సిన వేడి ఇంకా తగ్గుతుంది. పేరులో జ్వరం ఉంది గానీ ఒంట్లో జ్వరం లేదు! పుస్తకంలో దీనికున్న పేరు హైపోకాల్సీమియా, దాన్ని విడదీస్తే అసలు సంగతి తెలుస్తుంది: తక్కువ, కాల్షియం, రక్తంలో. హైపో అంటే తక్కువ, హైపర్ అంటే ఎక్కువ. నేను ఫీల్డులో పనిచేసిన కొత్తలో రిజిస్టర్‌లో హైపో బదులు హైపర్ అని రాశాను. డాక్టర్ గారు పశువును స్వయంగా చూశారు కాబట్టి సరిపోయింది, లేకపోతే ఏమయ్యేదో అని ఇప్పటికీ అనుకుంటాను. ఈ రెండింటినీ మాత్రం నిద్రలో లేపి అడిగినా తప్పకుండా చెప్పేలా ఉండాలి.

అన్నీ ఇలా విడిపోవు. బ్రూసెల్లోసిస్‌లో బ్రూస్ ఒక మనిషి పేరు, థైలీరియోసిస్‌లో థైలర్ కూడా అంతే. మనం కొక్కెర తెగులు అనే కోళ్ల జబ్బును పుస్తకాల్లో రాణీఖేత్ అనీ, న్యూకాజిల్ అనీ రాస్తారు, రెండూ ఊళ్ల పేర్లే. ఇలాంటివాటిని గుర్తుపెట్టుకోవడం తప్ప వేరే దారి లేదు.

ఇంకొకటి, ఉచ్చారణ తెలుగులో రాసుకో గానీ స్పెల్లింగ్ ఇంగ్లిష్‌లోనే నేర్చుకో. ఇలియమ్ అనే మాట మధ్యలో 'ఈ' అక్షరం ఉంటే చిన్నపేగు చివరి భాగం, 'ఐ' అక్షరం ఉంటే తుంటి ఎముక. తెలుగులో రాస్తే రెండూ ఒకటే అయిపోతాయి.

రేపు నువ్వు సచివాలయంలో పశుసంవర్ధక సహాయకురాలివైనా, ఏదైనా డెయిరీలో చేరినా, రైతు తెలుగులో చెప్పింది విని డాక్టర్ గారికి ఇంగ్లిష్‌లో రాసి పంపేది నువ్వే. పైగా డిప్లొమా వాళ్లు రిజిస్టర్డ్ డాక్టర్ పర్యవేక్షణలోనే చిన్న చిన్న చికిత్సలు చేయాలి కాబట్టి, ఫోన్‌లో నువ్వు వాడే మాట సరిగ్గా లేకపోతే ఆయన చెప్పే మందూ సరిగ్గా ఉండదు.

డిక్షనరీ ఇప్పుడే కొనకు. 100 పేజీల నోటుబుక్కు కొని పేజీకి మూడు గళ్లు గీయి: ఇంగ్లిష్ మాట, దాని ముక్కలు, మీ ఊళ్లో అనే మాట. రోజుకు ఐదు చాలు. మూడో గడి ఖాళీగా ఉంటే ఆదివారం ఇంటికి వెళ్లినప్పుడు అమ్మనో, ఊళ్లో గొర్రెలు కాసే పెద్దాయననో అడుగు.